నేను పారేసిన జీన్

పోయిన సెమిస్టర్‌లో ఓపెన్ ఎలెక్టివ్‌గా బయోఇన్ఫర్మాటిక్స్ తీసుకున్నాను. ఇష్టపడి తీసుకున్నానంటే అబద్ధమే. మెషీన్ లెర్నింగ్ సీట్లు పది నిమిషాల్లో నిండిపోయాయి, మా హాస్టల్ వైఫై పదకొండో నిమిషానికి ప్రాణం పోసుకుంది. మిగిలింది ఇదొక్కటే. ఇంటర్ ఎంపీసీ కాబట్టి నా బయాలజీ పదో తరగతి దగ్గరే ఆగిపోయింది. తెలుగు కూడా అక్కడే ఆగింది. ఇంటర్‌లో మార్కుల కోసం సంస్కృతం తీసుకున్న బ్యాచ్ మాది. కాబట్టి ఈ వ్యాసంలో రెండు విషయాల్లోనూ తప్పులుంటే సర్దుకుపొండి.

మినీ ప్రాజెక్ట్ సింపుల్‌గానే ఉంది. నీట మునిగినా బతికే ఒక వరి రకం డీఎన్ఏ డేటా ఇంటర్నెట్‌లో ఫ్రీగా దొరుకుతుంది. అది కోట్ల కొద్దీ చిన్న చిన్న ముక్కలుగా ఉంటుంది. ఒక్కో ముక్కని రీడ్ అంటారు. ఆ రీడ్స్‌ని వరి రిఫరెన్స్ జీనోమ్ పక్కన పెట్టి, ఏది ఎక్కడ సరిపోతుందో చూసి, తేడాలు పట్టుకోవాలి. పెద్ద పజిల్ ముక్కల్ని అట్టపెట్టె మీద బొమ్మ చూసి పేర్చినట్టన్నమాట. ట్యుటోరియల్ చూసి పైప్‌లైన్ రాశాను. అందులో శామ్‌టూల్స్ కమాండ్‌కి 'మైనస్ ఎఫ్ 4' అని ఒక ఆప్షన్ ఉంది. ఎక్కడా అతకని రీడ్స్‌ని తీసెయ్ అని దానర్థం. అందరూ పెడుతున్నారు, నేనూ పెట్టాను. 95 శాతం మ్యాప్ అయ్యాయి. మిగతా 5 శాతం చెత్త అనుకున్నాను. ఫైల్ సైజు తగ్గింది, ల్యాప్‌టాప్ ఫ్యాన్ శాంతించింది, నేనూ శాంతించాను.

తర్వాత అసలు పని. ముంపుని తట్టుకునే గుణం ఇచ్చే జీన్ పేరు సబ్1ఏ. తొమ్మిదో క్రోమోజోమ్ మీద ఉంటుందని పేపర్లో ఉంది. వెతికాను. లేదు. కోడ్ తప్పేమో అని రాత్రి రెండింటి దాకా డీబగ్ చేశాను. కోడ్‌లో తప్పు లేదు. అసలు రిఫరెన్స్‌లోనే ఆ జీన్ లేదు. పెట్టె మీద బొమ్మలోనే లేని భాగానికి చెందిన ముక్కలు ఎక్కడ అతుకుతాయి? కొన్ని దాని చుట్టాలైన సబ్1బీ, సబ్1సీ జీన్ల మీద తప్పుగా అతుక్కుని అక్కడ లేనిపోని తేడాలు చూపించాయి. మిగతావి 'చెత్త'లోకి పోయాయి. అంటే నేను దేనికోసమైతే ప్రాజెక్ట్ మొదలుపెట్టానో దాన్ని మొదటి స్టెప్‌లోనే పారేశాను.

ఇది నా ఒక్కడి పొరపాటైతే వ్యాసం రాసేవాణ్ణి కాదు. మన ఫీల్డ్‌లో 'డేటా క్లీనింగ్' అని గౌరవంగా పిలుచుకునే పని చాలాసార్లు ఇదే. మన దగ్గరున్న నమూనాకి అతకనిదాన్ని చెత్త అనడం. ఆ నమూనా ఎవరిది, ఎవరు ఎంచుకున్నారు అని మాత్రం అడగం.

వరి నమూనా ఎవరిదో చెప్తాను. 2005లో పూర్తయిన వరి రిఫరెన్స్ జీనోమ్ నిప్పోన్‌బారే అనే జపాన్ రకానిది. అది పెద్ద అంతర్జాతీయ ప్రాజెక్ట్. మన దేశం నుంచి ఢిల్లీ శాస్త్రవేత్తలు 11వ క్రోమోజోమ్ మీద పనిచేశారు. దాదాపు 39 కోట్ల అక్షరాల ఆ పని గొప్పదే, దాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కానీ నిప్పోన్‌బారే జపోనికా జాతి. మనం తినేది ఎక్కువగా ఇండికా. ఒక జాతిలో ఒక్క రకాన్ని తీసుకుని 'వరి అంటే ఇది' అని ప్రపంచం మొత్తానికి కొలబద్దగా పెట్టేశాం.

సబ్1ఏ సంగతి నాకు ఎందుకంత గుచ్చుకుందంటే, మా తాతయ్యది భీమవరం దగ్గర రెండున్నర ఎకరాల చేను. వేసేది స్వర్ణ. మార్టేరు పరిశోధనా కేంద్రం ఇచ్చిన ఎంటీయూ 7029. ఆయన ఎప్పుడూ నంబర్ చెప్పడు, 'సొర్ణ' అంటాడు అంతే. నేను ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు సార్వాలో ఊడ్పులైన మూడు వారాలకి వాన పట్టుకుంది. మురుగు కాలువ లాగలేదు. పన్నెండు రోజులు చేను కనిపించలేదు, నీళ్ళు మాత్రమే కనిపించాయి. నీళ్ళు దిగాక తాతయ్యతో గట్టు మీదకి వెళ్ళాను. మొక్క పట్టుకుంటే చేతికి ఊడి వచ్చింది, కుళ్ళిన వాసన. తాతయ్య ఏమీ అనలేదు. 'పదరా, టిఫిన్ చేద్దాం' అన్నాడు. ఆ ఏడు మళ్ళీ నారు కొని రెండోసారి ఊడ్చారు. ఆ అప్పు తీరడానికి రెండేళ్ళు పట్టిందని నాకు ఈమధ్యే అమ్మ చెప్పింది.

మామూలు వరి మునిగితే ఏం చేస్తుందంటే, గాలి కోసం గబగబా పైకి సాగుతుంది. ఉన్న శక్తంతా దానికే ఖర్చు పెట్టేసి, నీళ్ళు దిగేసరికి నిలబడే ఓపిక లేక చచ్చిపోతుంది. సబ్1ఏ ఉన్న వరి అలా ఎగబడదు. పెరగడం ఆపేసి, శక్తి దాచుకుని కూర్చుంటుంది. నీళ్ళు దిగాక మళ్ళీ పిలకలు వేస్తుంది. రెండు వారాల దాకా మునిగినా తట్టుకుంటుంది. ఈ గుణం ఎఫ్‌ఆర్13ఏ అనే రకంలో ఉంది. దాన్ని ఒడిశా రైతుల పాత నాటు రకం నుంచి ఎంపిక చేశారు. 1996లో ఆ గుణం తొమ్మిదో క్రోమోజోమ్ మీద ఒక చోట ఉందని తేల్చారు. అసలు జీన్ ఏదో 2006లో నేచర్ పత్రికలో వచ్చింది. దాన్ని స్వర్ణలోకి సంకరం ద్వారా తెచ్చి, స్వర్ణ సబ్1 పేరుతో 2009లో మన దేశంలో విడుదల చేశారు. అంటే మా చేను మునిగేనాటికి ఆ విత్తనం వచ్చి చాలా ఏళ్ళయింది. తాతయ్యకి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. అది వేరే వ్యాసం.

ఇక్కడ నా పాయింట్ ఒకటే. ఆ జీన్ రిఫరెన్స్‌లో లేదు. మొండిగా ఎఫ్‌ఆర్13ఏ డీఎన్ఏనే విడిగా చదివి పట్టుకున్నారు కాబట్టి దొరికింది. భూమిలో భాస్వరం తక్కువగా ఉన్నా వరిని బతికించే పీస్టాల్1 అనే జీన్‌దీ ఇదే కథ. కసలత్ అనే పాత రకంలో ఉంది, నిప్పోన్‌బారేలో లేదు, 2012లో బయటపడింది. రెండు జీన్లూ పేద రైతుల పొలాల్లో, నీళ్ళూ ఎరువూ సరిగ్గా లేని చోట్ల బతికినవే. రిఫరెన్స్ మాత్రమే చూసేవాడికి రెండూ లేనట్టే.

దీనికి విరుగుడే పాన్‌జీనోమ్. ఒక్క రకం బదులు, ఒక జాతిలో చాలామంది జీనోమ్‌లన్నిటినీ కలిపి చూడటం. ఈ మాట 2005లో బ్యాక్టీరియా మీద చేసిన పనితో పేరుకెక్కింది. ఒకే జాతి బ్యాక్టీరియాలో 8 రకాల్ని పోల్చితే, అన్నిట్లో ఉండే జీన్లు ఏ ఒక్కదాని జీనోమ్ తీసుకున్నా దాదాపు 80 శాతమే. మిగతావి కొన్నిట్లో ఉన్నాయి, కొన్నిట్లో లేవు. కొత్త రకం కలిపిన ప్రతిసారీ కొత్త జీన్లు వస్తూనే ఉన్నాయి.

జీన్ ఒకరిలో ఉండి ఇంకొకరిలో మొత్తానికే లేకపోవడం ఏంటి అనుకుంటున్నారా? మన క్లాస్ గ్రూపుల్లో 'ఓ నెగెటివ్ అర్జెంట్' అని మెసేజ్ వస్తుంది కదా. నెగెటివ్ ఉన్నవాళ్ళలో చాలామందికి ఆర్‌హెచ్‌డీ అనే జీన్ పూర్తిగా లేదు, అంతే. ఉండటం, లేకపోవడం రెండూ మామూలే.

అన్నిట్లో ఉండే జీన్లకి 'కోర్' అని పేరు పెట్టారు. మిగతావాటికి పెట్టిన ఇంగ్లిష్ పేరుకి అర్థం 'లేకపోయినా నడిచేవి'. నాకు ఈ పేరు చూస్తే కోపం వస్తుంది. సబ్1ఏ ఆ లెక్కలోకే వస్తుంది. ఎండగా ఉన్న రోజున అది లేకపోయినా నడుస్తుంది, నిజమే. పన్నెండు రోజులు మునిగిన చేలో నడవదు. ఏది అవసరమో, ఏది కాదో ల్యాబ్‌లో కూర్చుని లెక్క కట్టలేం. పొలం చెప్పాలి.

పంటల్లో ఈ పని బాగా ముందుకి పోయింది. 2018లో 3,010 వరి రకాల్ని పరిశీలించినప్పుడు రిఫరెన్స్‌లో లేని పూర్తి జీన్లు పది వేలకి పైగా దొరికాయి. 2019లో 725 టమాటా రకాలు చూస్తే రిఫరెన్స్‌లో లేని జీన్లు 4,873. వాటితో పాటు, రుచికి సంబంధించిన ఒక జీన్‌కి అరుదైన రూపం కూడా దొరికింది. మన హైదరాబాద్ పక్కనే పటాన్‌చెరులో ఉన్న ఇక్రిశాట్ ముందుండి నడిపిన పనిలో 3,366 శనగ జీనోమ్‌లు చదివి, 2021లో 29,870 జీన్ల పాన్‌జీనోమ్ ఇచ్చారు. అందులో 1,582 అంతకుముందు ఎవరూ చెప్పనివి. ఔటర్ రింగ్ రోడ్డు మీద ఆ బోర్డు చూస్తూ ఎన్నిసార్లు వెళ్ళానో, లోపల ఏం జరుగుతుందో ఒక్కసారీ అనుకోలేదు.

ఇప్పుడు మనుషుల దగ్గరికి వద్దాం. 2003లో పూర్తయిందన్న మానవ జీనోమ్‌లో దాదాపు 70 శాతం ఒకే ఒక్క మనిషిది. 1997లో అమెరికాలో బఫెలో ఊరి పేపర్లో ప్రకటన ఇచ్చి రక్తం ఇచ్చేవాళ్ళని పిలిచారు. వచ్చినవాళ్ళలో ఒకరి శాంపిల్ బాగా పనిచేసింది, దాన్నే ఎక్కువ వాడేశారు. ఇరవై ఏళ్ళు ప్రపంచంలో ఎవరి డీఎన్ఏ చదివినా ఆ ఒక్కరి పక్కన పెట్టి 'తేడా' చూశాం. దాంట్లో చదవలేక వదిలేసిన 8 శాతం ఖాళీలు 2022లో గానీ నిండలేదు. అదీ ఒకే జీనోమ్.

2023 మేలో మొదటి మానవ పాన్‌జీనోమ్ డ్రాఫ్ట్ వచ్చింది. 47 మందిది. అందులో సగానికి పైగా ఆఫ్రికా మూలాలున్నవాళ్ళు. పాత రిఫరెన్స్‌కి 11.9 కోట్ల కొత్త అక్షరాలు, 1,115 జీన్ డూప్లికేషన్లు చేరాయి. పెద్ద పెద్ద మార్పుల్ని గుర్తించడం రెట్టింపుకి పైగా పెరిగింది, చిన్న మార్పుల్లో పొరపాట్లు 34 శాతం తగ్గాయి. లక్ష్యం 350 మంది.

సీఎస్ వాళ్ళకి నచ్చే విషయం ఏంటంటే, ఇక్కడ రిఫరెన్స్ ఒక స్ట్రింగ్ కాదు, గ్రాఫ్. అందరిలో ఒకేలా ఉన్న భాగం ఒక నోడ్. తేడా వచ్చిన చోట దారి రెండుగా, మూడుగా చీలి మళ్ళీ కలుస్తుంది. సబ్1ఏ లాంటి జీన్ ఉన్నవాళ్ళు ఒక నోడ్ మీదుగా వెళ్తారు, లేనివాళ్ళు పక్క ఎడ్జ్ పట్టుకుని దాటేస్తారు. ఒక్కో జీనోమ్ ఆ గ్రాఫ్‌లో ఒక పాత్. మెయిన్ రోడ్, అడ్డదారి అనే తేడా లేదు. సెకండ్ ఇయర్‌లో 'ఈ గ్రాఫ్‌లు ఎక్కడ వాడతాం సార్' అని అడిగినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఇదిగో, ఇక్కడ.

మా రూమ్మేట్ ఇదంతా విని ఒక మాట అన్నాడు. 'ఒరేయ్, ఒకే రిఫరెన్స్ ఉంటే అందరూ ఒకే అడ్రస్ సిస్టమ్ వాడొచ్చు. తేడాలు పక్కన లిస్ట్ రాసుకుంటే సరిపోదా? గ్రాఫ్ అంటే మెమరీ, టైమ్, మళ్ళీ కొత్త టూల్స్.' వాదన తీసిపారేసేది కాదు. నా ల్యాప్‌టాప్‌లో గ్రాఫ్ అలైన్‌మెంట్ ట్రై చేస్తే మెమరీ చాలక ఆగిపోయింది. పైగా చాలా విషయాలు పాత రిఫరెన్స్‌తోనే దొరికాయి. గుండె కండరానికి సంబంధించిన ఒక జీన్‌లో 25 అక్షరాలు ఎగిరిపోయిన మార్పు మన ఉపఖండంలో వందకి నలుగురిలో ఉంటుందని, అది గుండె జబ్బుకి దారితీయొచ్చని 2009లో బయటపడింది. హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు అందులో ముఖ్యులు. దానికి పాన్‌జీనోమ్ అవసరం పడలేదు. కానీ మన వాళ్ళ శాంపిల్స్ చూడాలని ఎవరో అనుకోవడం అవసరం పడింది. మా క్లాస్‌లో 64 మందిమి. లెక్క మీరే వేసుకోండి.

ఇక లిస్ట్ సంగతి. బొమ్మలో ఉన్నదానికి తేడా రాయగలం. బొమ్మలో చోటే లేనిదాన్ని ఏ అడ్రస్‌లో రాస్తాం? అదే నా 5 శాతం. మెమరీ సమస్య అయితే ఇంజనీర్లు తీర్చేది. పారేసిన డేటా ఎవరూ తీర్చలేనిది.

నిజంగా ఆలోచించాల్సిన భయం వేరే ఉంది. ఎవరి డీఎన్ఏ తీసుకుంటాం, ఎవరు దాచుకుంటారు, దేనికి వాడతారు? బఫెలో వాలంటీర్లకి ఇచ్చిన పత్రంలో ఒక్కరి నుంచి 10 శాతానికి మించకపోవచ్చని రాశారు. జరిగింది 70. మన దేశంలో ఇంకో ప్రమాదం ఉంది. ఇక్కడ 'వైవిధ్యం' అనగానే కొందరు కులాల లెక్క తీస్తారు, 'మా జీన్స్ వేరు' అంటారు. గ్రాఫ్ చెప్పేది దానికి ఉల్టా. ఏ ఇద్దరిని తీసుకున్నా 99 శాతానికి పైగా ఒకటే దారి. చీలికలు కూడా ఎక్కువ భాగం అన్ని ప్రాంతాలవాళ్ళూ పంచుకున్నవే. ఒక నోడ్ మీద ఎవరి పేరూ రాసి ఉండదు. కానీ గ్రాఫ్ దానంతటది మాట్లాడదు. దాన్ని చదివి చెప్పేవాళ్ళు సరిగ్గా చెప్పాలి. ఈ భయంతో డేటాయే వద్దనడం నాకు సరికాదనిపిస్తుంది. మనం లేకపోతే మన గురించి ఎవరూ తప్పుగా చెప్పరు నిజమే, ఒప్పుగానూ చెప్పరు.

నాకు బాగా ఆశ్చర్యం వేసిన విషయం ఒకటుంది. 1000 జీనోమ్స్ ప్రాజెక్ట్ 2015లో 26 జనసమూహాలకి చెందిన 2,504 మంది డేటా ఇచ్చింది. అందులో మన తెలుగువాళ్ళు ఉన్నారు, 102 మంది. ఆ గుంపు పేరు 'యూకేలో భారతీయ తెలుగువాళ్ళు'. అంటే ప్రపంచ సైన్స్ మనల్ని చూసింది, కానీ యూకేకి వలస వెళ్ళినవాళ్ళ ద్వారా. వీసా దొరకని మా తాతయ్య లాంటివాళ్ళు ఆ 102లో లేరు. తర్వాత మన ప్రభుత్వ జీనోమ్ ఇండియా ప్రాజెక్ట్‌లో దాదాపు 10,000 మంది జీనోమ్‌లు చదివి, 2025 జనవరిలో డేటా అందుబాటులోకి తెచ్చారు. మంచి పని. కానీ అవి ఎక్కువగా పొట్టి రీడ్స్. నా వరి రీడ్స్ లాగే, వాటినీ ఏదో ఒక బొమ్మ పక్కన పెట్టి పేర్చాలి. ఆ పది వేల మందిలో ఎక్కడా అతకని 5 శాతం ఎవరి దగ్గరుంది? ఎవరైనా దాచారా? పొడవాటి రీడ్స్‌తో, మన దగ్గరి మనుషులతో, వాళ్ళకి అర్థమయ్యే భాషలో అనుమతి అడిగి, మన సొంత పాన్‌జీనోమ్ కట్టాలని నా అభిప్రాయం. అనుమతి పత్రం తెలుగులో ఉండాలి అన్నది చిన్న విషయం కాదు. 'పాన్‌జీనోమ్' అంటే ఏంటో తాతయ్యకి చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది. ఇంగ్లిష్‌లో చదివినదాన్ని నేనే సరిగ్గా అర్థం చేసుకోలేదని అప్పుడే తెలిసింది.

పంటల్లో అయితే ఇంకో బాకీ ఉంది. ఎఫ్‌ఆర్13ఏని తరతరాలుగా విత్తనం కట్టి కాపాడిన ఒడిశా రైతుల పేరు ఆ 2006 పేపర్ రచయితల్లో లేదు. రైతులు కాపాడిన రకాల నుంచి లాభం వస్తే వాళ్ళకీ వాటా ఇవ్వాలని 2001లోనే మన చట్టం చెప్పింది. పాన్‌జీనోమ్‌లో ప్రతి జీన్ పక్కన అది ఏ ఊరి రకం నుంచి వచ్చిందో రాసి ఉంచితేనే ఆ వాటా అడగగలం. ఇది డేటాబేస్‌లో ఒక కాలమ్. మనం కట్టగలిగిందే.

కాబట్టి జూనియర్లకి ఒక మాట. ఫైనల్ ఇయర్‌లో మళ్ళీ లైబ్రరీ మేనేజ్‌మెంట్ సిస్టమో, ఫేస్ అటెండెన్స్ యాప్పో చేసే ముందు ఒకసారి ఈ వైపు చూడండి. వరి, శనగ డేటా ఫ్రీగా ఉంది. గ్రాఫ్ టూల్స్ ఓపెన్ సోర్స్. తక్కువ మెమరీలో పనిచేసేలా చేస్తే అది నిజమైన ప్రాజెక్ట్. ఏ ఫీల్డ్‌లో ఉన్నా సరే, ఫిల్టర్ పెట్టే ముందు అది ఏం తీసేస్తుందో తెరిచి చూడండి.

నేను నా పైప్‌లైన్ మార్చాను. రిఫరెన్స్‌కి సబ్1ఏ సీక్వెన్స్ కలిపి మళ్ళీ రన్ చేస్తే రీడ్స్ వచ్చి వరసగా కూర్చున్నాయి. స్క్రీన్‌షాట్ తీసి తాతయ్యకి వాట్సాప్ పెట్టాను. ఫోన్ చేశాడు. 'ఏంట్రా ఈ గీతలు?' అన్నాడు. 'మునిగినా చావని వరి తాతయ్యా, అందులో ఉన్న సంగతి ఇది' అన్నాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, 'ఆ విత్తనం ఎక్కడ దొరుకుద్దో కనుక్కో ముందు' అన్నాడు.

కనుక్కుంటున్నాను.